పెరటి తోటకు తగిన కూరగాయ రకములు

మన పల్లెలలో పెరడు లేని ఇల్లు అరుదు. పెరడు ఉన్నను, అందులో కూరగాయలు పండించుకొను ఇండ్లు మాత్రము కొద్దిగానే కలవు. ఎందుచేత అని అడిగినచో, "ఒకసారి వేసి చూచితిమి, రాలేదు" అను సమాధానమే తరచుగా వచ్చును. నీరు చాలక ఎండిన తోటలు కొన్ని, కోళ్లు, మేకలు తిని పాడుచేసినవి కొన్ని ఉండవచ్చును. కాని నేను చూచినంతలో చాల తోటలు పాడగుటకు కారణము వేరు. ఆ పెరటికి, ఆ కాలమునకు తగని రకమును వేయుటయే ఆ కారణము.

నేను ఉద్యోగములో చేరిన కొత్తలో జరిగిన సంగతి ఒకటి చెప్పెదను. ఒక మెట్ట గ్రామములో ఫిబ్రవరి నెలలో ఇంటింటికి కూరగాయ విత్తనములు పంచితిని. బెండ, టమాటా, చిక్కుడు, పాలకూర, బీర, గోరుచిక్కుడు పొట్లములను ఇంటికి ఒక సంచి చొప్పున కట్టించి ఇచ్చితిని. విత్తనము మంచిదే, మొలక కూడ బాగుగనే వచ్చినది. మే నెలలో మరల ఆ గ్రామమునకు వెళ్లితిని. ఒక ఇంటి పెద్దామె నన్ను పెరటిలోనికి తీసికొనిపోయి ఒక్కొక్క మడియు చూపినారు. ఆమె నాతో అన్న మాటలివి:

"బాబూ, మీరిచ్చిన చిక్కుడు పందిరి నిండా అల్లుకుంది, పువ్వు మాత్రం కంటికి కనబడలేదు. గేదెకు మేతవుతుందని ఉంచాను. బెండాకులు పసుపు పూసినట్టయినాయి. టమాటా పూసినట్టే పూసి రాలిపోతోంది. రెండు నెలలుగా బావిలో నీళ్లు తోడి బిందెలతో మోసి పోశాను."

ఆ మాటలలో నింద లేదు. అయినను నా తల వంగినది. అదే పెరటిలో బీర, గోరుచిక్కుడు మాత్రము నిండుగా కాయుచుండెను. తప్పు ఆ నేలది కాదు, ఆమెది అంతకన్న కాదు. సంచి కట్టినవానిది.

ఏమి జరిగినదో చూడుడు. మన పందిరి చిక్కుడు పగలు పొట్టిగా ఉండు కాలములోనే పూచును. ఫిబ్రవరిలో విత్తినచో కార్తికము దరిదాపులకు వచ్చువరకు తీగ పెరుగుటయే గాని పూత ఉండదు. వేసవిలో తెల్లదోమ ఎక్కువ. దానివలన బెండకు శంఖురోగము వచ్చి ఆకుల ఈనెలు పసుపుబారును. ఈ రోగమునకు లొంగు రకమును వేసవిలో వేసినచో పంట దక్కుట కష్టము. టమాటాకు పగటి వేడిమి 35 డిగ్రీల సెంటీగ్రేడు దాటి, రాత్రులు కూడ చల్లబడనప్పుడు పూత నిలువదు. పాలకూర చలికాలపు పంట; ఎండలు ముదిరినచో ఆకు తగ్గి వెన్ను వేయును. ఇవి అన్నియు నేను చదువుకొన్న విషయములే. కాని సంచి కట్టునప్పుడు గుర్తుకు రాలేదు.

మొదటి సంవత్సరము తోట దెబ్బతిన్న ఇంటిలో రెండవసారి ఎవరును విత్తనము చేతబట్టరు. అందుచేత పెరటి తోటకు మొదట ఏ రకములను ఎంచుకొందుమన్నది చిన్న విషయము కాదు.

రకమును ఎంచుటకు నాలుగు ప్రశ్నలు

అంగడికి పండించు రైతు ఎకరాకు ఎన్ని టన్నులు వచ్చునని అడుగును. కాయ దూరప్రయాణమునకు నిలుచునా, ఒకేసారి కోతకు వచ్చునా అని చూచును. పెరటి తోటకు ఈ కొలతలు సరిపోవు. ఇంటికి కావలసినది ఒకనాడు యాభై కిలోలు కాదు; రోజు విడిచి రోజు ఒక కూరకు సరిపడు కాయలు. కనుక పెరటికి విత్తనము తెచ్చుకొనునప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు వేసికొనుడు.

మొదటిది: ఈ రకము ఈ కాలములో కాయునా? ఎంత మంచి రకమైనను కాలము తప్పినచో కాయదు.

రెండవది: మన ప్రాంతములో తరచుగా వచ్చు తెగులును ఇది తట్టుకొనునా? పెరటిలో పిల్లలు తిరుగుదురు. కోసిన కాయ ఆ పూటనే పొయ్యి మీదికి పోవును. అక్కడ పురుగు మందులు చల్లవలసిన అవసరము రాకుండుటయే మేలు. తెగులును తట్టుకొను రకమును ఎంచుకొన్నచో సగము పని విత్తుటకు ముందే తీరిపోవును.

మూడవది: కొద్దికొద్దిగా చాలకాలము కాయునా? వంగ, బెండ, దొండ, బచ్చలి ఇట్టివి. క్యాబేజీ వంటిది ఒక మొక్కకు ఒక గడ్డ ఇచ్చి ముగియును.

నాలుగవది: దీని విత్తనమును మనము నిలువ చేసికొని మరల వేసికొనవచ్చునా? సూటి రకముల విత్తనము నిలువ చేసికొనవచ్చును. పొట్లముపై 'ఎఫ్–1' అనియో 'హైబ్రిడ్' అనియో ఉన్నచో అది సంకర రకము. దాని కాయలలోని గింజలు వేసినచో మొక్కలు ఒకే తీరుగా రావు. తల్లి గుణము కొన్నింటికే ఉండును. సంకర రకము చెడ్డదని అర్థము కాదు. అయితే ఏటేట విత్తనము కొనవలసియుండునని ముందే తెలిసికొనవలెను.

పేరు చదివి ఊరు తెలిసికొనుట

రకముల పేర్లు చాలమందికి నోరు తిరుగవు. వాటి వెనుకనున్న సంగతి తెలిసినచో గుర్తుంచుకొనుట తేలిక. 'పూసా' అను పేరుతో మొదలగు రకములు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవి. ఆ సంస్థ 1905లో బీహారులోని పూసా అను చోట వెలసినది. 1934 భూకంపము తరువాత 1936లో ఢిల్లీకి మారినను పాత ఊరి పేరు నిలిచిపోయినది. 'అర్క' అనునవి బెంగళూరు సమీపమున హెసరఘట్టలోని భారత ఉద్యాన పరిశోధన సంస్థవి. అర్కావతి నది పేరున వచ్చినవి. 'పి.కె.ఎం.' అనగా తమిళనాడులోని పెరియకుళము. 'ఆర్.ఎన్.ఎ.' అను తోటకూర మన రాజేంద్రనగరుది. మిరపలో 'జి' అను అక్షరము గుంటూరును తెలుపును.

ఢిల్లీ పేరున్నది గదా, మన ఎండకు ఆగునా అని సందేహింపనక్కరలేదు. వీటిలో చాల రకములను మన రాష్ట్రములలో చాలకాలముగా పండించుచున్నారు. అట్లే మీ ఊరి నాటు వంగను, నాటు దోసను తీసివేయనక్కరలేదు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నట్లు, బయటి విత్తనము మీద మోజుతో తాతలనాటి విత్తనమును పోగొట్టుకొన్న ఇండ్లను నేను చూచియున్నాను. కొత్త రకమును ఒక సాలులో వేసి, పాతదానిని పక్క సాలులో ఉంచి పోల్చి చూచుడు. ఏది మేలో మీ తోటయే చెప్పును.

బెండ

బెండ రకముల కథ అందరు తెలిసికొనదగినది. 1960 ప్రాంతమున వచ్చిన పూసా సావని శంఖురోగమును తట్టుకొను రకముగా దేశమంతట పేరుపొందినది. కాలక్రమమున దాని ఓర్పు తగ్గిపోయి, రోగము సోకుట మొదలైనది. తరువాత అడవి బెండతో సంకరపరచి అర్క అనామిక, పర్భని క్రాంతి వంటి రకములను తయారుచేసిరి. పెరటికి ఈ రెండును తగినవే. ఇవియు సూటి రకములే గనుక విత్తనము నిలువ చేసికొనవచ్చును. పూసా సావని కథ వలన మనము నేర్చుకొనవలసినది ఒకటి కలదు. తట్టుకొను రకమని వేసి ఊరకుండరాదు. ఇప్పుడు అర్క అనామికకు కూడ కొన్నిచోట్ల రోగము కనబడుచున్నది. పసుపు ఈనెలు కనబడిన మొక్కను కనబడిన నాడే పెరికి తీసివేయుడు. ఈ రోగము విత్తనము ద్వారా రాదు. తెల్లదోమ ఒక మొక్క నుండి ఇంకొక మొక్కకు చేర్చును.

గింజలను ఒక రాత్రి నానబెట్టి నేరుగా విత్తవలెను. వానకాలములో సాలుకు సాలుకు 60 సెంటీమీటర్లు, మొక్కకు మొక్కకు 30 సెంటీమీటర్లు ఎడముండవలెను. వేసవిలో మొక్కలు గుబురుగా పెరగవు గనుక దగ్గరగా వేసికొనవచ్చును. 45–50 రోజులకు కోత మొదలగును. రోజు విడిచి రోజు తప్పక కోయవలెను. రెండు కాయలు ముదరనిచ్చినచో ఆ మొక్క కాపు తగ్గించుకొనును. ఒక ఇంటికి 40 మొక్కలు చాలును.

వంగ, మిరప

పెరటికి వంగను మించిన నమ్మకమైన పంట తక్కువ. భాగ్యమతి మన రాష్ట్రములో తయారైన రకము. కొంత నీటి ఎద్దడికి ఓర్చును గనుక మెట్ట గ్రామములకు తగినది. ఎండుతెగులు బెడద ఉన్న నేలలో గుత్తులుగా కాచు పూసా పర్పుల్ క్లస్టరును వేసి చూడవచ్చును. పది మొక్కలు ఒక ఇంటికి సరిపోవును. ఎటు చూచినను 60 సెంటీమీటర్ల ఎడమున నాటుడు.

వంగకు ముఖ్య శత్రువు కొమ్మను, కాయను తొలుచు పురుగు. లేత కొమ్మ చివర వాడి వేలాడుచున్నచో లోపల పురుగున్నదని తెలిసికొని, ఆ చివరను ఒక అంగుళము కిందికి తుంచి నలిపివేయవలెను. పది మొక్కలకు ఈ పని రోజుకు అయిదు నిమిషములది. పుచ్చు కాయలను చెట్టుకు వదలక, గుంటలో పూడ్చవలెను. కాపు తగ్గిన తరువాత కొమ్మలను కత్తిరించి, పశువుల ఎరువు వేసి నీరు పెట్టినచో మొక్క మరల చిగిర్చి రెండవ కాపు నిచ్చును.

మిరప ఆరు మొక్కలు చాలును. భాగ్యలక్ష్మి అని పేరుగల జి–4 పచ్చిమిరపకును, ఎండుమిరపకును పనికివచ్చును.

టమాటా

పూసా రూబీ పాత రకమైనను పెరటికి నేటికిని తగినదే. త్వరగా కాయును; పులుపు బాగుగా ఉండును గనుక పప్పునకు, చారునకు వీలైనది; విత్తనము నిలువ చేసికొనవచ్చును. పి.కె.ఎం.–1, అర్క వికాస్ కూడ సూటి రకములే. అర్క వికాస్ కొంత వేడిమికి, నీటి ఎద్దడికి ఓర్చును. ఆకుముడుత తెగులు ప్రతి సంవత్సరము పంటను తీసికొనిపోవుచున్న చోట అర్క రక్షక్ అను సంకర రకమును వేసికొనవచ్చును. ఇది ఆకుముడుత వైరసును, బాక్టీరియా ఎండుతెగులును, ఆకుమాడు తెగులును తట్టుకొనుటకై తయారైనది. దీని విత్తనము మాత్రము ఏటేట కొనవలసినదే.

ఏ రకమైనను జూన్–జూలైలో గాని, సెప్టెంబరు–అక్టోబరులో గాని నారు పోయుడు. చలికాలపు కాపు అన్నింటికన్న మేలైనది. ఫిబ్రవరి దాటిన తరువాత పెరటిలో టమాటా నాటవద్దు. నేను చేసిన పొరపాటును మీరు చేయనక్కరలేదు.

చిక్కుడు, గోరుచిక్కుడు

పందిరి చిక్కుడునకు మీ ఊరి నాటు విత్తనమే తగినది. జూన్–జూలైలో రెండు పాదులు పెట్టినచో చలికాలమంతయు కాయును. ఇతర కాలములలో చిక్కుడు కావలెనన్నచో అర్క జయ్, అర్క విజయ్ అను పొద చిక్కుడు రకములు కలవు. వీటి పూతకు పగటి పొడవుతో పనిలేదు. పందిరి కూడ అక్కరలేదు. పేరు రెండింటికి చిక్కుడే అయినను స్వభావము వేరు. పొట్లము కొనునప్పుడు పందిరి రకమా, పొద రకమా అని తప్పక అడుగుడు.

గోరుచిక్కుడులో పూసా నవబహార్ కొమ్మలు వేయక నిటారుగా పెరుగును గనుక తక్కువ చోటు చాలును. వేసవిలోను, వానకాలములోను కాయును. సుమారు 50 రోజులకు కోత వచ్చును. తోటపని తెలియని వారికి మొదట ఇచ్చుటకు ఇంతకన్న మంచి విత్తనము లేదు. పప్పుజాతి మొక్క గనుక నేలకును మేలు చేయును.

తీగ జాతులు

బీరకు జైపూర్ లాంగ్, అర్క సుజాత్. కాకరకు పూసా దో మౌసమి. సొరకు పూసా సమ్మర్ ప్రాలిఫిక్ లాంగ్ తగిన రకములు. దో మౌసమి అనగా రెండు కాలములది అని అర్థము. వేసవిలోను వానకాలములోను కాయును. ఇంటికి బీర పాదులు నాలుగు, కాకర మూడు, సొర ఒకటి చాలును. సొర రెండు పాదులు పెట్టినచో ఊరందరికి పంచవలసివచ్చును.

"తీగ నిండ పువ్వులే గాని పిందె లేదు" అని చాలమంది చెప్పుదురు. వీటికి మగపువ్వులు, ఆడపువ్వులు వేరువేరుగా ఉండును. మొదట వచ్చునవి మగపువ్వులే, రాలిపోవును. కొద్ది దినములకు పువ్వు కింద చిన్న పిందె గల ఆడపువ్వులు వచ్చును. తొందరపడి తీగను పీకివేయరాదు. ఆడపువ్వులు వచ్చినను పిందెలు పసుపుబారి రాలుచున్నచో తేనెటీగలు రావడము లేదని గ్రహింపవలెను. అప్పుడు విచ్చిన మగపువ్వును కోసి, దాని పుప్పొడిని ఆడపువ్వు మధ్యనున్న కీలాగ్రమునకు అద్దవలెను. కాకర పువ్వు తెల్లవారుజామున విచ్చును గనుక ఆ పని ఉదయమే చేయవలెను. బీర, సొర పువ్వులు సాయంకాలము విచ్చును. దీపములు పెట్టువేళకు ఈ పని ముగించుకొనవచ్చును.

దొండను మాత్రము గింజతో పెంచరాదు. గింజ మొక్కలలో కొన్ని మగ తీగలై ఎన్నటికి కాయవు. బాగుగా కాయుచున్న తీగ నుండి బొటనవేలి లావు ముక్కలు కోసి నాటుడు. పందిరికి ఒక తీగ చాలును. సంవత్సరముల తరబడి కాయును.

ఆకుకూరలు

తోటకూరలో ఆర్.ఎన్.ఎ.–1, అర్క సుగుణ తగినవి. అర్క సుగుణను విత్తిన 25–30 రోజులకు మొదట కోసి, మరల చిగిర్చినకొలది అయిదారు కోతలు తీసికొనవచ్చును. పాలకూరలో ఆల్ గ్రీన్ రకమును అక్టోబరు–నవంబరులో చల్లుకొన్నచో చలికాలమంతయు కోసికొనవచ్చును. గోంగూరను తొలకరిలో వేసినచో పూత వచ్చువరకు ఆకు కోయవచ్చును. పులుపు ఎక్కువ కావలసినవారు ఎర్ర కాడ దానిని ఎంచుకొందురు. తీగ బచ్చలి ముక్క పాతినను బతుకును. చూరుకింద ఒక పాదు ఉన్నచో ఎండాకాలములో కూడ కూరకు లోటుండదు.

ఆకుకూరల మడిని ఒకేసారి చల్లరాదు. మడిని రెండు భాగములుచేసి, మొదటి సగము చల్లిన 15 రోజులకు రెండవ సగము చల్లవలెను. అప్పుడు ఒకటి ముదురునాటికి ఇంకొకటి లేతగా అందును.

మునగ, కరివేపాకు చెప్పకుండ ఈ భాగమును ముగింపరాదు. పి.కె.ఎం.–1 మునగ గింజతో పెరిగి, ఏడాది తిరుగకముందే కాయును. ప్రతి సంవత్సరము కాపు అయిన తరువాత నేల నుండి 90 సెంటీమీటర్ల ఎత్తున నరికినచో మరల కొమ్మలు వేసి అందుబాటులో కాయును. పిల్లలకు, బాలింతలకు మునగాకు ఎంతో మంచి ఆహారము.

అయిదు సెంట్ల పెరడు

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూచనల ప్రకారము పెద్దవారికి ఆకుకూరలతో కలిపి రోజునకు 400 గ్రాముల కూరగాయలు, 100 గ్రాముల పండ్లు కావలెను. అయిదుగురున్న ఇంటికి రోజునకు రెండు కిలోల కూరగాయలు అన్నమాట. ఇన్ని కొనుట కూలి చేసికొను కుటుంబమునకు ఎంత భారమో మీకు తెలియును. అయిదు సెంట్ల స్థలము, అనగా తెలంగాణ లెక్కలో రెండు గుంటలు, సుమారు 200 చదరపు మీటర్లు ఉన్నచో ఇందులో పెద్ద భాగమును పెరటిలోనే తీసికొనవచ్చును. అంత స్థలము లేనివారు ఉన్నదానిలోనే ఆకుకూరలతో మొదలుపెట్టుడు.

రోజునకు కనీసము ఆరు గంటల ఎండ తగులు చోటు కావలెను. మునగ, అరటి, పందిరి ఉత్తరపు దిక్కున ఉన్నచో వాటి నీడ మడుల మీద పడదు. దొండ, బచ్చలి, చిక్కుడు వంటి తీగలను కంచె మీదికి ఎక్కించినచో స్థలము కలసివచ్చును. అయిదు సెంట్లకు బాగుగా చివికిన పశువుల ఎరువు 400 నుండి 500 కిలోలు, ఇంచుమించు ఒక బండెడు, దుక్కిలో కలుపవలెను. పచ్చి పేడ వేసినచో చెదలు, వేరుపురుగు చేరును. స్నానాల నీటిని నేరుగా ఆకుకూరలకు పెట్టక, అరటి, చామ పాదులలోనికి మళ్లించుడు. ఒకే మడిలో వంగ, టమాటా, మిరపలను వెంట వెంట వేయరాదు; మూడును ఒకే జాతివి గనుక ఒకదాని తెగులు వేరొకదానికి అంటును. వాటి తరువాత గోరుచిక్కుడో, ఆకుకూరయో వేయుడు.

పేనుబంక, చిన్న పురుగులు కనబడినచో వేపగింజల కషాయము చాలును. 500 గ్రాముల వేపపప్పును పొడిచేసి ఒక రాత్రి నానబెట్టి, గుడ్డతో వడగట్టి, 10 లీటర్ల ద్రావణమగునట్లు నీరు కలిపి, కొద్దిగా సబ్బునీరు చేర్చి, సాయంకాలము చల్లుడు.

మొదటిసారి వేయువారికి

మొదటి సంవత్సరము పది పన్నెండు రకములు వేయవద్దు. ఈ పట్టిక ప్రకారము అయిదేసి వేసి చూడుడు.

మృగశిర కార్తెలో, జూన్–జూలై నెలలలో: బెండ, గోరుచిక్కుడు, వంగ, పందిరి చిక్కుడు, గోంగూర.

సెప్టెంబరు–నవంబరు నెలలలో: టమాటా, పాలకూర, మెంతికూర, మిరప, కొత్తిమీర.

జనవరి–ఫిబ్రవరి నెలలలో: బీర, సొర, దోస, గోరుచిక్కుడు, తోటకూర. వేసవిలో ముల్లంగి కావలసినవారు పూసా చేత్కి అను రకమును అడుగుడు. అది ఎండకు ఓర్చి 40–45 రోజులలో గడ్డ ఊరును.

కాలీఫ్లవరు, క్యారెట్టు వంటివి చలికాలపు పంటలు. జాగ్రత్త ఎక్కువ కావలెను. చేయి తిరిగిన తరువాత వేసికొనవచ్చును.

విత్తనమును కొనుట, నిలువ చేయుట

పొట్లము మీద రకము పేరు, మొలక శాతము, పరీక్షించిన తేదీ, గడువు తేదీ చూచి కొనుడు. విత్తన ప్రమాణముల ప్రకారము టమాటా, వంగ విత్తనములకు కనీసము 70 శాతము, బెండకు 65 శాతము, మిరపకు 60 శాతము మొలక ఉండవలెను. సందేహమున్నచో 20 గింజలను తడిగుడ్డలో చుట్టి ఉంచి, ఎన్ని మొలకెత్తినవో లెక్కించుడు. రంగు పూసిన విత్తనమునకు మందు పట్టించియుందురు, పిల్లలకు అందనీయరాదు. ఉద్యాన విశ్వవిద్యాలయముల పరిశోధన స్థానములలోను, కృషి విజ్ఞాన కేంద్రములలోను విత్తనములను గురించి విచారింపవచ్చును.

విత్తనమునకు కాపు చివరి కాయను వదలుట మన ఇండ్లలో అలవాటు. అది పొరపాటు. తెగులు లేని, బాగుగా కాచిన మొక్కను ముందే గుర్తించి దారము కట్టి, దాని నడిమి కాపు కాయలను ముదరనీయవలెను. టమాటా గింజలను గుజ్జుతో సహా ఒకటి రెండు రోజులు పులియనిచ్చి, కడిగి నీడలో ఆరబెట్టవలెను. వంగకాయ పసుపుబారువరకు, బీరకాయ తీగమీద ఎండి గింజ గలగలలాడువరకు ఉండనీయవలెను. టమాటా, చిక్కుడు, గోరుచిక్కుడు తమలో తామే ఫలదీకరణ చెందును గనుక రకము చెడదు. తీగ జాతులలో తేనెటీగలు పుప్పొడిని కలిపివేయును గనుక విత్తనమునకై ఒకే రకము బీరను, ఒకే రకము సొరను పెంచవలెను. బాగుగా ఎండిన గింజలను బూడిదతో కలిపి మూత గట్టిగానున్న సీసాలో ఉంచి, రకము పేరు, సంవత్సరము వ్రాసి అంటించుడు.

గ్రామాధికారులకు ఒక మాట

గ్రామములో విత్తనములు పంచుటకు ముందు తేదీ చూడుడు. ఏ నెలలో ఏ సంచి కట్టవలెనో పై పట్టికలో కలదు. సంచులు ఆలస్యముగా వచ్చినచో, ఆ కాలమునకు పనికిరాని పొట్లములను తీసి వచ్చు కాలమునకు ఉంచుడు. లెక్క తీరుటకై పంచివేయవద్దు. మృగశిరకు ముందు ఒకనాడు పంచాయతీ కార్యాలయము వద్దనో, అంగన్వాడీ వద్దనో స్త్రీలను సమావేశపరచి, ఇంటిలోనున్న నాటు విత్తనములను మార్చుకొనునట్లు చేసినచో ఖర్చు లేకుండ సగము ఊరికి విత్తనము అందును. ఆ విత్తనము ఏ కాలమున ఎట్లు కాయునో ఇచ్చినవారే చెప్పుదురు.

నేను మొదట చెప్పిన గ్రామమునకు మరుసటి సంవత్సరము జూన్ నెలలో అయిదు పొట్లములు మాత్రమే కట్టించుకొని వెళ్లితిని. ఆ పెద్దామె పొట్లములు చూచి, "చిక్కుడు మళ్లీ తెచ్చారా బాబూ? ఈసారి నా దగ్గరున్న గింజలే వేస్తాను, మీరు చెప్పిన నెలలో వేస్తాను" అన్నారు. కార్తికములో వెళ్లినప్పుడు పందిరి కింద నిలువబడుటకు చోటులేకుండ గుత్తులు వేలాడుచుండెను. ఆమె ఒక బుట్టలో కాయలు కోసి నా చేతికిచ్చి, విత్తనమునకు ఉంచిన తీగను చూపినారు. దానికి ఎర్ర దారము కట్టియున్నది. పక్క ఇండ్లవారు అప్పటికే గింజలు అడిగియున్నారట.

ఇంకొక్క కార్తె తిరుగకముందే మీ పెరటిని ఒకసారి చూచుకొనుడు. ఎండ ఎక్కడ పడుచున్నది, నీరు ఎటు పోవుచున్నది, ఇంటిలో ఏ గింజలున్నవి చూచి, ఈ కాలమునకు తగినవి అయిదు రకములు ఎంచుకొని విత్తుడు.